కుండీలో ఆయన

మార్చి 4

ఈ పుస్తకం కంపెనీది. లిఫ్టు సర్వీసు రిజిస్టరు. ప్రతి పేజీలోనూ ఫిర్యాదు, కారణం, చేసిన పని అని అచ్చేసి ఉంటుంది. కొత్తవి వచ్చాయని పాతవి పారేస్తుంటే ఒకటి సంచిలో వేసుకొచ్చాను. రాసుకునే అలవాటు నాకు లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే చెయ్యి దురద పెడుతుంది కాబోలు.

ఫిర్యాదు: మేడ మీద నీళ్ళు ఇంకి కింది వాటా సీలింగు ఉబ్బుతోందట.
కారణం: మా ఆవిడ పెట్టిన నలభై మూడు కుండీలు.
చేసిన పని: ఏమీ లేదు.

బిల్డింగు సెక్రటరీ కాగితం అంటించి పోయాడు. ముప్ఫై ఒకటో తారీఖుకల్లా మేడ ఖాళీ చెయ్యాలి, ఏదో పూత పూస్తారట. మా ఇంటి బాల్కనీలో మహా పడితే మూడు కుండీలు పడతాయి. మా ఆవిడ పోయి ఏడు నెలలే అయింది, కాస్త ఆగకూడదా అన్నాను. "నీరు ఆగదు కదండీ" అన్నాడు. మాటకి మాట బాగానే నేర్చాడు.

మార్చి 5

అమ్మాయికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "ఎవరికైనా ఇచ్చెయ్యి నాన్నా, నాకు మాత్రం ఒకటి ఉంచు" అంది. ఏది ఉంచమంటావు అంటే "నువ్వే చూడు" అంది. నాకేం తెలుసు, మీ అమ్మ నాకేమైనా చెప్పి పోయిందా అన్నాను.

"నాన్నా, అరుస్తున్నావు."

నేను అరవలేదు. ముప్ఫై రెండేళ్ళు లిఫ్టు మోటారు పక్కన పని చేసినవాడి గొంతు అలాగే ఉంటుంది. నాకు కోపం తక్కువ. ఆ మాట పని దగ్గర ఎవర్నడిగినా చెప్తారు.

మార్చి 6

మొక్కల సంగతి ఒక పద్ధతిగా రాసుకుంటే నాకే మంచిది.

మా ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేసేది. గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో ముందు మొక్కల గురించి మాట్లాడి, తర్వాత కొలతలు తీసేది. వాళ్ళు మళ్ళీ వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టి ఒక కొమ్మ తెచ్చేవాళ్ళు. ఈ ఇంట్లో కొన్న మొక్కంటూ లేదు. కొమ్మ ఎవరు విరిస్తే మొక్కకి వాళ్ళ పేరే, ఆమె లెక్క అది. మందారం, మల్లె అని ఆమె నోట నేను వినలేదు. "చిన్నత్త ఎండకి వాడిపోయింది", "బ్యాంకు మేడంకి పురుగు పట్టింది", "ఇవాళ డాక్టరమ్మకి ఎరువెయ్యాలి". కొత్తవాళ్ళెవరైనా వింటే మా ఇంట్లో ఏదో జబ్బు తిరుగుతోందనుకుని గుమ్మంలోంచే వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి చిన్నత్త నిజంగా మా ఇంట్లో కూర్చుని ఉండగా "చిన్నత్తని మొదలంటా కోసేస్తే గానీ బాగుపడదు" అంది. ఆవిడకి సర్ది చెప్పడానికి నాకు పూట పట్టింది.

నేను ఆ పేర్లన్నీ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. ఇప్పుడు మేడెక్కి చూస్తే నలభై మూడు మంది నుంచుని ఉన్నారు. ఎవరెవరో నాకు తెలియదు.

నిర్ణయం: ఎవరి మొక్క వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యడం.

మార్చి 8

రెండో అంతస్తు టీచరమ్మ చాక్‌పీసు పట్టుకుని వచ్చింది. మా ఆవిడని వదినా అనేది. చివరి మూడు నెలలూ ఇద్దరూ కలిసే నీళ్ళు పోసేవాళ్ళు, కాబట్టి పేర్లు దాదాపు అన్నీ ఆవిడకి కంఠతా. కుండీ కుండీకీ పేరు రాస్తూ వెళ్ళింది. చిన్నత్త, డాక్టరమ్మ, గుండీల షాపావిడ, మూగాయన భార్య, రెండో కోడలు. క్లాసులో హాజరు తీసుకున్నట్టే ఉంది.

నీళ్ళ ట్యాంకు పక్కన నడుమెత్తు క్రోటన్ ఒకటి ఉంది. పసుపూ ఎరుపూ కలిసిన ఆకులు. దాని ముందు రాయకుండా నుంచుంది.

"ఇదెవరు?"

"ఇది ఆయన."

"ఏ ఆయన?"

"ఆయనే అనేదండీ వదిన. 'ఆయనకి నీళ్ళెక్కువైతే పడవు, ఆయన్ని చోటు మారిస్తే అలిగి ఆకులన్నీ రాలుస్తారు' అనేది. నేను ఇంక అడగలేదు అన్నయ్యగారూ. మీరే అనుకున్నా."

నేను మా ఆవిడకి ఏనాడూ మొక్క ఇవ్వలేదండీ అన్నాను. టీచరమ్మ చాక్‌పీసు వంక చూసుకుంది. తర్వాత స్కూలు కాగితాలు దిద్దాలని కిందికి వెళ్ళిపోయింది. ఇవాళ ఆదివారమే కదా, అంత తొందరేమిటో.

మార్చి 9

ఇవ్వలేదు. ఖచ్చితంగా ఇవ్వలేదు. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇచ్చి ఉంటే గుర్తుండదా.

మార్చి 10

లిఫ్టు ఆగిపోతే ముందు వైర్లు పట్టుకోకూడదు. ఏయే కారణాలు ఉండొచ్చో వరసగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి. అలాగే రాస్తున్నాను.

ఆమెకి తెలిసిన మగవాళ్ళు:
1. కుట్టుమిషను బాగుచేసే పెద్దాయన. పళ్ళు లేవు. కొట్టేశాను.
2. మూగాయన. అతని భార్య పేరు మీద వేరే కుండీ ఉంది. కొట్టేశాను.
3. గుడ్డల కొట్టు యజమాని. అప్పుడప్పుడూ మూట ఇంటిదాకా మోసుకొచ్చేవాడు. ఉంచాను.
4. వాళ్ళ బావ.

మార్చి 11

ఏడు నెలల క్రితం పోయిన మనిషి మీద ఇలా లిస్టు రాయడం సిగ్గుచేటని నాకు తెలుసు. కానీ "ఆయన" అంటే మాటలా. పెళ్ళయిన ఆడది ఊరికే ఎవర్ని పడితే వాళ్ళని పేరు లేకుండా ఆయన అంటుందా. ఆ ముక్క తేలకపోతే నాకు అన్నం సహించేలా లేదు. నేను ఆమెకి ఏమయ్యానో, అసలు ఏమైనా అయ్యానో లేదో, అదొక్కటి తెలియాలి.

మార్చి 13

పని ముగించుకుని పదకొండు కుండీలు పంచి వచ్చాను. చిన్నత్త లిఫ్టులో పట్టలేదు, మెట్ల మీంచి మోశాను. డాక్టరమ్మ ముందు తీసుకోలేదు. "ఇచ్చిన మొక్క వెనక్కి ఇస్తారా ఎవరైనా? మా మీద కోపమా?" అంది. లేదమ్మా, మేడ కారుతోంది అంటే అప్పుడు నమ్మింది.

గుండీల షాపావిడ సంగతి వేరు. కుండీ చూడగానే షాపులోంచి లేచి బయటికొచ్చింది. అది చెట్టు మల్లె. పదేళ్ళ క్రితం వాళ్ళ అమ్మ పెంచిన చెట్టు నుంచి కొమ్మ విరిచి మా ఆవిడకి ఇచ్చిందట. తర్వాత అమ్మా పోయింది, ఇల్లు మారితే చెట్టూ పోయింది. "మా అమ్మది ఇంకెక్కడా లేదనుకున్నానండీ" అని ఆకులు పట్టుకుని ఏడ్చింది. గుండీలు కొనడానికి వచ్చిన ఇద్దరు మనుషులు ఏం చెయ్యాలో తెలియక నుంచున్నారు. నేనూ అలాగే నుంచున్నాను. మా ఆవిడ పదేళ్ళు నీళ్ళు పోసిందంటే నాకదేదో కాలక్షేపం అనిపించేది. ఈ షాపావిడ తల్లిని కాపాడుతోందని నాకు తోచలేదు.

వచ్చేటప్పుడు గుడ్డల కొట్టాయన్ని చూశాను. మా ఆవిడకి మొక్క ఇచ్చారా అని అడిగితే, పూల వాసన వస్తే తనకి తుమ్ములాగవన్నాడు. అడుగుతుండగానే రెండుసార్లు తుమ్మాడు. కొట్టేశాను.

మార్చి 15

టీచరమ్మ మెట్ల దగ్గర కనిపించింది. "ఆయన్ని ఎవరికిస్తున్నారు?" అంది.

"ఎవరిదో తేలాక వాళ్ళకే."

"వదిన దాంతో మాట్లాడేదండీ. మిగతావాటికి నీళ్ళు పోసి, దాని దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది."

"ఏం మాట్లాడేది?"

"వదిన మాటలు వదినవి అన్నయ్యగారూ. నేను మధ్యలో వచ్చినదాన్ని" అని లోపలికి వెళ్ళిపోయింది.

స్టూలు కూడానా.

మార్చి 16

పోయిన ఆగస్టు సంగతి ఒకటి రాసి పెట్టుకోవాలి, ఎవరూ అడగకపోయినా. ఆ రోజు పొద్దున ఆమెకి ఒంట్లో బాగాలేదు. అప్పటికి మూడు నెలలుగా బాగాలేదు, కాబట్టి అది కొత్త కాదు. కాలేజీ బిల్డింగులో లిఫ్టు ఆగి ఇద్దరు ఇరుక్కున్నారని ఫోను వచ్చింది. ఆమే వెళ్ళమంది. "పాపం లోపల మనుషులున్నారు, వెళ్ళండి" అంది. నేను తిరిగొచ్చేసరికి అయిపోయింది. టీచరమ్మ పక్కనుంది.

ఆమే వెళ్ళమంది.

మార్చి 19

మిగిలింది వాళ్ళ బావ. మా ఆవిడ మేనత్త కొడుకు. రెండు గంటల ప్రయాణం, బస్టాండు ఎదురుగా బేకరీ. ఆమెకి ఆ సంబంధమే అనుకున్నారు మొదట, ఏవో మాటల దగ్గర బెడిసికొట్టి నాకిచ్చారు. మా పెళ్ళిలో ఆ మనిషి నవ్వుతూ తిరిగి అందరికీ వడ్డించాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. వరసకి నాకు తమ్ముడవుతాడు. అన్నయ్యా అని పిలుస్తాడు. ఎందుకో అతను అన్నయ్యా అన్నప్పుడల్లా నాకు చెప్పులో రాయి పడ్డట్టుండేది.

శనివారం సెలవు పెడతాను. కుండీ తీసుకుని వెళ్తాను. ఎవరిది వాళ్ళకి.

మార్చి 22

నిన్న వెళ్ళాను, వచ్చాను. అంతా రాయాలి.

బస్సులో కుండీ ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి "మీ ఒళ్ళో ఆయనకి కూడా టికెట్టా?" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. అతను నవ్వులాటకి అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. దారి పొడుగునా ఆకులు రాలుతూనే ఉన్నాయి. దిగేసరికి నా కాళ్ళ దగ్గర గుప్పెడు పోగయ్యాయి.

బేకరీలో బావ పిండి చేతులతో ఉన్నాడు. జుట్టంతా పోయింది. నన్ను చూసి "అన్నయ్యా, మీరేంటి ఇలా, చెప్పాపెట్టకుండా" అని బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. కుండీ బల్ల మీద పెట్టాను. బస్సులో రెండు గంటలు తయారుచేసుకున్న మాట అన్నాను.

"నీ మొక్క నీకిచ్చేద్దామని తెచ్చాను."

అతను చూశాడు. "నాది కాదే ఇది. నేనిచ్చింది పుదీనా. పగిలిన కప్పులో పెట్టిచ్చా. నా పేరు పెట్టి రోజూ తుంచుకు తింటున్నానని ఫోన్ చేసి మరీ చెప్పేది."

నిజమే. మేడ మీద పగిలిన కప్పులో పుదీనా ఉంది. టీచరమ్మ దాని మీద "బావ" అనే రాసింది. నేను చూశాను కూడా. చూసి, అదొకటి ఉంటే ఇంకొకటి ఉండదా అనుకున్నాను.

"మరి దీన్ని ఆయన అనేదట" అన్నాను. గొంతు కొంచెం పెద్దదైందేమో, రొట్టె కొనడానికి వచ్చినావిడ వెనక్కి తగ్గింది.

బావ నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో అంతా అర్థమైపోయిందతనికి. కోప్పడతాడనుకున్నాను. పిండి చెయ్యి తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నయ్యా, మా మరదలు నన్ను ఆయన అనడమా? బుద్ధి తెలిసినప్పట్నుంచీ 'ఏరా బావా' తప్ప ఇంకో పిలుపు లేదు. నా పెళ్ళిలో మా ఆవిడ ముందు కూడా ఏరా అనే పిలిచింది. దానికి లోకంలో ఆయన అంటే ఒక్కరే. అది మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"నేను మొక్క ఇవ్వలేదు."

"ఇవ్వలేదు. విరిచారు."

నేను బల్ల మీద రాలిన ఆకులు ఏరడం మొదలెట్టాను.

"పందొమ్మిదేళ్ళయింది. గుమ్మం దగ్గర పెట్టిన కుండీని మీరు తన్నారట. గోడకి కొట్టుకుని మొక్క మూడు ముక్కలైందట. ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ చేసి నవ్వింది. 'ఏరా బావా, కొమ్మ ఎవరు విరిస్తే వాళ్ళ పేరే కదా, ఆయన్ని మూడు డబ్బాల్లో గుచ్చాను, ఒకరైనా బతక్కపోతారా' అంది. రెండు కుళ్ళిపోయాయి. ఇదొకటి బతికింది."

టీ ఇచ్చాడు. తాగాను. లేస్తుంటే కుండీ తనే బస్సు దాకా మోసి, సీటు పక్కన పెట్టి, కింద అడ్డంగా అట్టముక్క దోపాడు. "జాగ్రత్త అన్నయ్యా" అన్నాడు. ఇంతకాలం ఈ మనిషిని నేను ఏం అనుకున్నానో తలుచుకుంటే తల ఎత్తలేకపోయాను.

మార్చి 23

నాకైతే గుర్తు లేదు. బావ ఏదో కల్పించి చెప్పి ఉంటాడు.

మార్చి 24

గుర్తుంది.

మార్చి 25

ఆ రోజు పైఆఫీసరు పదిమంది ముందు నన్ను దద్దమ్మ అన్నాడు. నేను తప్పు చెయ్యలేదు, పాత కేబుల్ మార్చాలని నెల ముందే రాసిచ్చాను. అక్కడ నోరెత్తలేదు. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర కుండీ కాలికి తగిలింది. ఎండ కోసం జరిపిందట. తన్నాను. తగిలినందుకు తన్నలేదు. తన్నడానికి ఏదో ఒకటి కావాలి కనుక తన్నాను. అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. లెక్కలు చేసుకుంటున్నది పెన్సిలు వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది. మా ఆవిడ చీపురు తెచ్చింది.

తర్వాత నేను టీ అడిగాను.

క్షమించమని అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. రోజులు గడిచేకొద్దీ అది జరగలేదనుకోవడం తేలికైంది. అదొక్కటే కూడా కాదు. నాకు కోపం తక్కువ అని పైన రాశాను. కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను, నేను ఎలాంటివాణ్ణో నాకే తెలియాలి.

మార్చి 27

క్రోటన్‌కి ఆకు మిగల్లేదు. మూడు పుల్లలు. టీచరమ్మ చెప్పినట్టే, చోటు మార్చినందుకు అలిగింది. నీళ్ళు కొంచెమే పోశాను.

మార్చి 29

అమ్మాయి వచ్చి కుండీలు పంచడానికి సాయం చేసింది. ఇద్దరం కలిసి పంతొమ్మిది ఇళ్ళు తిరిగి, మూడు తప్ప మిగిలినవన్నీ ఇచ్చేశాం. మనిషి కనపడగానే అమ్మాయి "మీరేనండి ఇది" అని కుండీ చేతికిస్తోంది. వాళ్ళమ్మ గొంతే. రెండో కోడలు తన మొక్క ఉంచుకుని, దాన్నుంచే కొమ్మ విరిచి మళ్ళీ అమ్మాయికిచ్చింది. ఇలా అయితే ఈ పని తెమిలేదెప్పుడు అన్నాను. అమ్మాయి నవ్వింది.

మధ్యాహ్నం నా చేత్తోనే టీ పెట్టిచ్చి, ఆ కుండీ సంగతి ఎత్తాను. నీకు గుర్తుందా అన్నాను. గుర్తుందంది. మట్టి నింపుతుంటే డబ్బాలు పట్టుకుంది తనేనట.

"ఆ రోజు నేను చేసింది తప్పు. నిన్ను భయపెట్టాను. తర్వాత కూడా చాలాసార్లు. క్షమించమ్మా" అన్నాను. గొంతు తగ్గించి అన్నాను, మాట బయటికి వచ్చిందో లేదో నాకే తెలియలేదు.

అమ్మాయి కప్పు కింద పెట్టింది. "అమ్మ ఉండగా అనాల్సింది నాన్నా" అంది. అవునన్నాను. వెళ్ళేటప్పుడు క్రోటన్ పుల్ల ఒకటి విరిచివ్వమంది. విరిచి తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను.

మార్చి 31

పొద్దున్నే పనివాళ్ళు వచ్చి మేడంతా బ్రష్షులతో పూత పూస్తున్నారు. బాల్కనీలో పుదీనా, రెండు పుల్లల క్రోటన్, ఎవరిదో టీచరమ్మకీ తెలియని కలబంద మిగిలాయి.

టీచరమ్మ వస్తే కూర్చోబెట్టి అడిగాను. "ఆయన నేనేనని తేలింది. నాతో ఏం మాట్లాడేదో వినే హక్కు నాకుంది కదండీ."

ఆవిడ నవ్వింది. "మాట్లాడడమా, తిట్టేదండీ. రోజూ పొద్దున్నే. 'ఏమైందంటే చెప్పరు, చెప్తే నోటి ముత్యాలు రాలతాయా' అనేది. 'తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి, ఆకులున్నాయి గానీ చెవుల్లేవు మీకు' అనేది. ఇంకోసారి, మీరు నాలుగు రోజులు మాట్లాడనప్పుడు, 'మీకు నీళ్ళు బంద్' అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఎండ చూసి మళ్ళీ పరిగెత్తుకొచ్చి పోసింది."

నేను కూడా నవ్వాను. ఏడు నెలల్లో ఇలా నవ్వడం ఇదే మొదటిసారి. ఇంకా చెప్పమన్నాను. చెప్పింది. ఎదురుగా ఉండి తిడుతున్నట్టే ఉంది. ఎంత బాగుందో రాయడం నాకు చేతకావడం లేదు. ఇవన్నీ నాకు చెప్పకుండా ఆ మొక్కకి చెప్పుకుంది, ఎందుకంటే అది ఎదురు అరవదు. అదీ తెలుస్తూనే ఉంది.

"ఆఖరి రోజు?" అన్నాను.

టీచరమ్మ నవ్వు ఆపేసింది. వద్దంది. చెప్పండి అన్నాను.

"మీరు వెళ్ళాక మేడ మీదికి తీసుకెళ్ళమంది. వద్దంటే వినలేదు. పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆపి తీసుకెళ్ళాను. మిగతా మొక్కల వంక చూడలేదండీ. దాని దగ్గరే స్టూలు మీద కూర్చుంది. 'వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా, వెళ్ళనని ఒక్క మాట అనొచ్చుగా' అంది. అంతే. తర్వాత కిందికి తీసుకొచ్చాను."

టీచరమ్మ ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. పైన పనివాళ్ళ బకెట్ల చప్పుడు వినిపిస్తోంది. పేజీలు వెనక్కి తిప్పాను. ఆమే వెళ్ళమంది అని పదహారో తారీఖున రెండుసార్లు రాసి ఉంది. అది అబద్ధం కాదు. వెళ్ళమంది. రాయనిది ఇంకొకటుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నేను ఒకసారి వెనక్కి తిరిగాను. ఆమె మొహం చూశాను. ఇవాళ మామూలు రోజు కాదని నాకు తెలిసింది. తెలిసే మెట్లు దిగాను. ఆ మంచం పక్కన కూర్చుని ఏం చెయ్యాలో నాకు తెలియదు, చాలా భయమేసింది. అవతల కాలేజీలో ఆగిపోయింది లిఫ్టు. లిఫ్టునయితే నేను నడిపించగలను.